బోద్వాన్ రాజు: కన్నవాళ్ళు, పెంచినవాళ్ళు, పిల్లల్లేని ఇల్లు

బిళ్ళలబాబు
ఇవాళ జూలై 31. బెల్జియం రాజు బోద్వాన్ 1993లో ఇదే రోజున స్పెయిన్‌లో, మోత్రిల్ అనే సముద్రం ఒడ్డు ఊళ్ళో, గుండె ఆగి పోయాడు. అప్పటికి అరవై రెండేళ్ళు. అందులో నలభై రెండేళ్ళు రాజుగానే గడిచాయి.

ఇంగ్లండు రాణి మీద మనం ఇక్కడ ఎన్నిసార్లు మాట్లాడుకున్నామో లెక్కే లేదు. ఈయన్ని ఎవరూ పట్టించుకోలేదు. నాకు ఈయన తెలిసింది తపాలా బిళ్ళల వల్ల. బెల్జియం ఆల్బంలో 1935 పేజీ తీస్తే రాజుగారి పిల్లల బిళ్ళలు కనిపిస్తాయి: అక్క జోసెఫిన్-షార్లెట్, బోద్వాన్, చంటివాడు ఆల్బర్ట్. అదే ఏడాది చివర వచ్చిన వరసలో వాళ్ళమ్మ ఆస్ట్రిడ్ రాణి బొమ్మ, చుట్టూ మందపాటి నల్ల అంచు. ఈ రెంటికీ మధ్య కొన్ని నెలలే. తర్వాత 1953లో మొదలైన వరసలో కళ్ళజోడు పెట్టుకున్న కుర్ర రాజు. సేకరించేవాళ్ళు దాన్ని 'కళ్ళజోడు వరస' అనే అంటారు. ముఖంలో నవ్వు వెతికినా దొరకదు. ఆ రోజుల్లో పత్రికలు ఆయన్ని 'దిగులు రాజు' అని రాసేవి.

రాజకీయాలు తర్వాత ఎలాగూ వస్తాయి. ముందు ఆ ఇంటి సంగతులు తెలిసినవాళ్ళు చెప్పండి.

ప్రశ్నలపుట్ట
బెల్జియానికి రాజు ఉన్నాడనే నాకు ఇప్పుడు తెలిసింది. చాక్లెట్లు, వజ్రాలు తప్ప ఇంకేమీ తెలీదు. ఆ పిల్లల అమ్మకి ఏమైందండీ?

పాతపేపర్
కారు ప్రమాదం. 1935 ఆగస్టు 29, స్విట్జర్లండులో లూసర్న్ సరస్సు పక్కన క్యుస్నాక్ట్ దగ్గర. పైకప్పు లేని ప్యాకార్డ్ కారు. డ్రైవరు వెనక సీట్లో ఉన్నాడు, నడుపుతున్నది పిల్లల తండ్రి లియోపోల్డ్ రాజే. పక్కన ఆస్ట్రిడ్. బండి రోడ్డు దిగి చెట్లకు కొట్టుకుంది, ఆమె ఎగిరి పడి అక్కడికక్కడే పోయింది. ఇరవై తొమ్మిదేళ్ళు. స్వీడన్ రాకుమారి, బెల్జియం జనానికి ప్రాణం. అంతిమయాత్రలో లియోపోల్డ్ చెయ్యి కట్టుతో, ముఖం మీద గాయాలతో శవపేటిక వెనక నడుస్తున్న ఫోటో ఒకటుంది, చూస్తే మర్చిపోలేరు.

అంతకు ఏడాదిన్నర ముందే, 1934 ఫిబ్రవరిలో, తాత మొదటి ఆల్బర్ట్ కొండ ఎక్కుతూ జారిపడి పోయాడు. అంటే బోద్వాన్‌కి అయిదేళ్ళు నిండకుండానే తాతా పోయాడు, అమ్మా పోయింది.

లూవెన్_పిల్లగాడు
నేను ఉండేది బెల్జియంల లూవెన్ అనే ఊర్ల. మనోళ్ళు స్విస్ టూర్ల లూసర్న్‌కి, అక్కడి నుంచి రిగీ కొండకి పోతరు గదా, గా క్యుస్నాక్ట్‌లనే ఆమె పేరు మీద చిన్న చాపెల్ ఉన్నది. ఎవ్వరూ ఆగరు. బెల్జియంల ముసలోళ్ళకు మాత్రం ఆస్ట్రిడ్ పేరు చెప్తే ఇప్పటికీ ముఖం మారుతది.

సుభద్రక్కయ్య
కారు నడిపింది తండ్రే! ఆ ఇంట్లో ఆ మాట ఎవరైనా పైకి అనుకుని ఉంటారా? అయినా కొడుకు తండ్రి చెయ్యి వదల్లేదు, అది గమనించండి. నేను చదివినంతలో ఆ పిల్లాడికి తండ్రి మాట వేదం. అసలు చిక్కంతా అక్కడే మొదలైంది.

రెండో పెళ్ళి సంగతి కూడా చెప్పండి పాతపేపర్ గారూ. అది లేకపోతే కథ అర్థం కాదు.

పాతపేపర్
చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

1940 మేలో జర్మన్లు వచ్చిపడ్డారు. మే 28న లియోపోల్డ్ సైన్యాన్ని లొంగిపొమ్మన్నాడు. మంత్రులు దేశం దాటి, చివరికి లండన్ చేరి అక్కడి నుంచి ప్రభుత్వం నడిపారు. రాజు మాత్రం 'నా సైనికులతోపాటు నేనూ ఖైదీనే' అని లాకెన్ రాజభవనంలో ఉండిపోయాడు. జనానికి ఆ మాట నచ్చింది కూడా. కానీ 1941 సెప్టెంబరులో అదే లాకెన్‌లో ఎవరికీ చెప్పకుండా లిలియన్ బేల్స్‌ని చర్చి పద్ధతిలో పెళ్ళాడాడు. డిసెంబరులో గానీ రిజిస్ట్రీ పెళ్ళి కాలేదు. బెల్జియం చట్టం ప్రకారం ముందు రిజిస్ట్రీ, తర్వాతే చర్చి. రాజే ఆ వరస తప్పాడు. పైగా బెల్జియం సైనికులు వేలమంది జర్మనీ శిబిరాల్లో మగ్గుతుంటే ఖైదీ రాజుకి పెళ్ళేమిటన్నారు జనం. ఆస్ట్రిడ్‌ని దేవతలా చూసుకున్నవాళ్ళకి ఆ కుర్చీలో ఇంకొకామెను చూడటం మింగుడు పడలేదు. లిలియన్‌కి రాణి బిరుదు ఇవ్వలేదు, పుట్టబోయే పిల్లలకి సింహాసనం మీద హక్కు లేదన్నారు. అయినా మంట ఆరలేదు.

చేదునిజం
మన భాషలో చెప్పాలంటే కైకేయి వచ్చింది.

సుభద్రక్కయ్య
కైకేయి అనకు నాయనా. కైకేయి తన కొడుక్కి రాజ్యం అడిగింది. ఈవిడ కొడుకు అలెగ్జాండర్‌కి ఆ దారే లేదు. తల్లి పోయి ఆరేళ్ళు బిక్కుబిక్కుమన్న ముగ్గురు పిల్లలకి అన్నం తినిపించి, జ్వరం వస్తే పక్కన కూర్చున్నది ఈవిడే. పిల్లలు అమ్మా అనే పిలిచేవాళ్ళు. యుద్ధం చివర్లో, 1944 జూన్‌లో, జర్మన్లు ఆ కుటుంబాన్ని మొత్తం హిర్ష్‌స్టైన్ కోటకు, తర్వాత ఆస్ట్రియాలో స్ట్రోబుల్‌కి పట్టుకుపోయారు. 1945 మేలో అమెరికన్ సైన్యం వచ్చేదాకా ముళ్ళకంచె వెనకే ఉన్నారు. పద్నాలుగేళ్ళ పిల్లాడికి ఆ కంచె వెనక అమ్మంటే ఈవిడే. బయట జనం ఆమెను ఎంత తిడితే ఆ పిల్లలు ఆమెకు అంత దగ్గరయ్యారు. సవతి తల్లి అనగానే మనవాళ్ళకి సినిమా గుర్తుకొస్తుంది, అదే ఇబ్బంది.

ప్రశ్నలపుట్ట
మరి యుద్ధం అయిపోయాక ఇంటికొచ్చేశారా?

పాతపేపర్
రానివ్వలేదు! అయిదేళ్ళు స్విట్జర్లండులో ప్రెన్యీ అనే చోట ఉన్నారు. బెల్జియంలో రాజు తమ్ముడు ఛార్లెస్ రాజప్రతినిధి. అన్నదమ్ములకి మాటల్లేవు. 1950 మార్చి 12న రాజు తిరిగి రావాలా వద్దా అని దేశమంతా ఓట్లు వేయించారు. మొత్తం మీద 57 శాతానికి పైగా రమ్మన్నారు. విడదీసి చూస్తే ఫ్లెమిష్ ప్రాంతంలో 72 శాతం రమ్మంటే, ఫ్రెంచి మాట్లాడే వాలోనియాలో 42 శాతమే. గెలిచాడనాలో ఓడాడనాలో తెలియని ఫలితం. జూలైలో వచ్చాడు. సమ్మెలు, రైలు పట్టాల మీద బాంబులు. జూలై 30న లీయేజ్ దగ్గర గ్రాస్-బెర్లూర్‌లో జెండార్మ్‌ల (సాయుధ పోలీసుల) కాల్పులు, నలుగురు పోయారు. బ్రస్సెల్స్ మీదికి ఊరేగింపుగా వస్తామన్నారు. ఆ రాత్రంతా వాదనలు జరిగి చివరికి లియోపోల్డ్ అధికారం కొడుక్కి వదిలాడు.

1950 ఆగస్టు 11. పందొమ్మిదేళ్ళ బోద్వాన్ పార్లమెంటులో ప్రమాణం చేయబోతుంటే కమ్యూనిస్టుల బెంచీల్లోంచి 'రిపబ్లిక్‌కి జై' అని కేక. సరిగ్గా వారానికి కమ్యూనిస్టు నాయకుడు జూలియాన్ లాఓని ఇంటి గుమ్మంలో కాల్చి చంపారు. మరుసటేడు జూలై 17న ఈ కుర్రాడు పూర్తి రాజయ్యాడు.

చేదునిజం
అయ్యా, దశరథుడే రాముడికి రాజ్యం ఇచ్చి తాను అడవికి పోకుండా అదే ఇంట్లో కూర్చుంటే ఎలా ఉంటుందో అదే జరిగింది. 1960 దాకా లియోపోల్డ్, లిలియన్ లాకెన్‌లోనే ఉన్నారు. రాజు కొడుకు, నడిపించేది తండ్రి. 1952 ఫిబ్రవరిలో ఇంగ్లండు రాజు ఆరో జార్జి పోతే అంత్యక్రియలకి తాను పోకుండా తమ్ముడు ఆల్బర్ట్‌ని పంపాడు. 1940లో లండన్ తన తండ్రిని తిట్టిందన్న కోపం. దేశం పరువు పోయినా తండ్రి కోపమే పైమాట అయింది.

బిళ్ళలబాబు
చేదునిజం గారు అన్నది నిజమే గానీ, ఇరవై ఏళ్ళ కుర్రాడు. తండ్రిని కాదంటే ఇల్లు పోతుంది, మంత్రుల్ని కాదంటే కిరీటం పోతుంది. అడకత్తెరలో పోకచెక్క. ఆ పదేళ్ళూ ఆయన ముఖంలో ఆ దిగులు అందుకే.

లూవెన్_పిల్లగాడు
గందుకే ఇక్కడ ముసలోళ్ళు అంటరు, ఫాబియోలా వచ్చినంకనే రాజు నవ్వుడు నేర్చుకున్నడని.

సుభద్రక్కయ్య
హమ్మయ్య, పెళ్ళి దగ్గరికి వచ్చాం! ఆ సంబంధం ఎలా కుదిరిందో తెలుసా? పెళ్ళిళ్ళ పేరయ్య ఎవరో కాదు, బిషప్! తర్వాత కార్డినల్ అయిన స్యూనెన్స్. ఆయన వెరోనికా ఓబ్రయన్ అనే ఐర్లండు భక్తురాలిని స్పెయిన్‌కి పంపాడు, రాజుకి తగిన కాథలిక్ పిల్లను చూసి రమ్మని. ఆవిడ మాడ్రిడ్ వెళ్ళి, పెద్దింటి అమ్మాయిలను విచారించి, చివరికి ఫాబియోలా దే మోరా ఇంట్లో తేలింది. ఫాబియోలా అప్పటికే ముప్పై దాటింది. నర్సు చదువు, పిల్లలకు కథలు రాసింది, గుడి, సేవ. తన దగ్గరికి ఏ పని మీద వచ్చారో తెలిశాక మండిపడిందట, ఇదేదో మాయ అని. తర్వాత 1960 జూలైలో లూర్ద్‌లో, మరియమ్మ గుహ ఉన్న ఊళ్ళో, ఇద్దరూ మాట్లాడుకుని ఖాయం చేసుకున్నారు. ఈ కబురంతా బోద్వాన్ పోయాక స్యూనెన్స్ తానే పుస్తకంలో రాశాడు. అంతవరకూ దేశానికి తెలీదు.

మన పెళ్ళిళ్ళు పెద్దవాళ్ళు కుదిర్చినవి అని నవ్వే యూరప్ వాళ్ళకి ఇది చూపించాలి.

ప్రశ్నలపుట్ట
అక్కయ్యగారూ 😄 కట్నం ఎంతో?

సుభద్రక్కయ్య
కట్నం సంగతి కాదు గానీ బావమరిది ఒకడున్నాడు, హైమే. ఫాబియోలా అన్న. నైట్‌క్లబ్బులు, సినిమాల్లో వేషాలు, ఒక కంటికే అద్దం. చెల్లెలు సన్యాసినిలా, అన్న అలా. వియ్యాలవారి ఇళ్ళల్లో ఇలాంటివాడు ఒకడు లేకపోతే పెళ్ళి శోభించదు.

పాతపేపర్
1960 డిసెంబరు 15న పెళ్ళి. ఆ రోజుల్లోనే ప్రభుత్వం పొదుపు చట్టం మీద దేశవ్యాప్త సమ్మె. స్పెయిన్‌లో హనీమూన్ సగంలో వదిలి వెనక్కి రావాల్సి వచ్చింది.

ఆ పెళ్ళితోనే తండ్రీ కొడుకుల ఇల్లు విడిపోయింది. లియోపోల్డ్, లిలియన్ లాకెన్ ఖాళీ చేసి ఆర్జెంతోయ్ అనే భవనానికి మారారు. అత్తాకోడళ్ళకి పడలేదనీ, సామాన్ల దగ్గర మాటామాటా వచ్చిందనీ అప్పటి పత్రికలు రాశాయి. ఏదైతేనేం, రాకపోకలు బాగా తగ్గిపోయాయి. ముళ్ళకంచె వెనక అమ్మా అని పిలిచిన మనిషే ఇప్పుడు దూరపు చుట్టం. లియోపోల్డ్ 1983 సెప్టెంబరులో పోయాడు.

సుభద్రక్కయ్య
ఇదే నాకు అర్థం కాదు. తల్లిని మించి పెంచినామెతో అన్నేళ్ళ ఎడం. పెళ్ళాం మాట విన్నాడంటారు కొందరు. నేను అలా అనుకోను. ఆ ఇంటి నుంచి తప్పించుకుంటే తప్ప తాను రాజు కాలేనని ఆయనకు తెలిసింది. తండ్రిని నేరుగా కాదనలేడు, అందుకని ఆ కోపం ఆవిడ మీదికి మళ్ళింది. ఎన్ని ఇళ్ళల్లో చూడలేదూ!

చేదునిజం
ఒప్పుకుంటాను. ఈ ఒక్కదానికి.

మధ్యవర్తి
చేదునిజం గారు ఒప్పుకోవడం ఈ వేదికలో అరుదు, గుర్తు పెట్టుకుంటాం. చర్చ బాగుంది, కానివ్వండి. వ్యక్తిగత దూషణలు లేనంతవరకు నేను మధ్యలో రాను.

ప్రశ్నలపుట్ట
శీర్షికలో పిల్లల్లేని ఇల్లు అన్నారు. పిల్లలు పుట్టలేదా?

సుభద్రక్కయ్య
అయిదుసార్లు కడుపు పోయింది తల్లీ. 2008లో ఫాబియోలా ముసలితనంలో తన నోటితోనే చెప్పింది, అయిదుగురు బిడ్డల్ని పోగొట్టుకున్నానని. రాణి అంటే వారసుణ్ణి కనడమే ఉద్యోగం అనుకునే లోకంలో దేశం మొత్తం ఆవిడ కడుపు వైపే చూస్తూ ఉంటే ఎంత నరకమో ఊహించండి. పత్రికల వాళ్ళు నెలలు లెక్కపెట్టేవాళ్ళు. అటు తోడికోడలు పావోలాకి వరసగా ముగ్గురు, 1960లో ఫిలిప్, 62లో ఆస్ట్రిడ్, 63లో లోరాన్.

ఆస్ట్రిడ్! మరిది కూతురికి ఆ పోయిన అత్తగారి పేరే పెట్టారు చూశారా. బోద్వాన్ చివరి ఊపిరి వదిలిన మోత్రిల్ ఇంటికి కూడా 'విల్లా ఆస్ట్రిడా' అనే పేరు. అమ్మ ముఖం సరిగ్గా గుర్తుండే వయసు కూడా కాదు ఆయనకి అప్పుడు.

లూవెన్_పిల్లగాడు
పావోలా, ఆల్బర్ట్ సంసారం మంచిగ నడవలే. పిల్లలు నడుమల నలిగిన్రు. ఫిలిప్‌ను పెదనాన్న, పెద్దమ్మ దగ్గరికి తీసిన్రు. రాజు సొంత కొడుకు లెక్క చూసుకున్నడు, రాజ్యం నేర్పిండు. మన దిక్కు అయితే దత్తత అనేటోళ్ళం, కాయితం రాయలే అంతే.

పాతపేపర్
ఆల్బర్ట్ కూడా చాలా ఏళ్ళ తర్వాత 1999 క్రిస్మస్ ప్రసంగంలో, ముప్పై ఏళ్ళ కిందట తమ దాంపత్యం ఒక సంక్షోభం దాటిందని దేశం ముందే చెప్పాడు. ఎందుకు చెప్పాల్సి వచ్చిందో తర్వాత వస్తాను.

ముందు 1990. అప్పుడే ప్రపంచమంతా ఈయన పేరు విన్నది. గర్భస్రావం మీద శిక్షలు తగ్గించే చట్టం పార్లమెంటు దాటింది. రాజు సంతకం చెయ్యాలి. ప్రధాని మార్టెన్స్‌కి ఉత్తరం రాశాడు: నా అంతరాత్మ ఒప్పుకోదు, మనస్సాక్షి స్వేచ్ఛ అందరికీ ఉండి నాకొక్కడికే లేదా అని. పార్లమెంటును అడ్డుకోననీ, దారి మీరే చూడమనీ కూడా రాశాడు. ఏం చేశారంటే, ఏప్రిల్ 3 రాత్రి మంత్రివర్గం 'రాజు పాలించలేని స్థితిలో ఉన్నాడు' అని ప్రకటించింది. రాజ్యాంగంలో ఆ నిబంధన ఉన్నది రాజుకి జబ్బు చేస్తేనో, శత్రువుల చేతికి చిక్కితేనో వాడటానికి. తండ్రి ఖైదీగా ఉన్నప్పుడు వాడిందీ అదే! మంత్రులే చట్టం మీద సంతకాలు చేశారు. ఏప్రిల్ 5న పార్లమెంటు మళ్ళీ ఆయన్ని గద్దె మీద కూర్చోబెట్టింది.

చేదునిజం
పెద్ద నాటకం. సంతకం చెయ్యలేకపోతే దిగిపోవాలి. దిగకుండా, సంతకం పెట్టకుండా, జీతం పోకుండా, రెండు రోజులు సెలవు. దేశంలో ఆడవాళ్ళ ఆరోగ్యం సంగతి తన ఇంటి దుఃఖంతో కొలవడం ఏమిటి?

సుభద్రక్కయ్య
చట్టం కావాల్సిందే, నేనూ అంటాను. కానీ అయిదుసార్లు ఆశపడి అయిదుసార్లు పోగొట్టుకున్న మనిషి చేతికి ఆ కాయితం ఇచ్చి సంతకం పెట్టమంటే చెయ్యి ఆడుతుందా? చట్టం ఆగలేదు కదా, ఎవరికీ నష్టం జరగలేదు కదా. దాన్ని నాటకం అనడానికి నాకు నోరు రాదు.

చేదునిజం
నాకు వస్తుంది.

బిళ్ళలబాబు
ఇద్దరూ అక్కడే ఆగండి 🙏 అంత్యక్రియల సంగతి ఎవరైనా రాయండి. ఫాబియోలా తెల్లబట్టలు కట్టుకుందని చదివాను.

ప్రశ్నలపుట్ట
అందులో వింతేముంది? మనదగ్గర భర్త పోతే తెల్లచీరే కదా.

సుభద్రక్కయ్య
అక్కడ నలుపు! యూరప్‌లో విధవరాలు తల నుంచి పాదాల దాకా నల్లబట్టలే. 1993 ఆగస్టు 7న బ్రస్సెల్స్ కథెడ్రల్‌కి ఆవిడ తెల్లటి దుస్తుల్లో, తెల్లటి ముసుగుతో వచ్చింది. టీవీలో చూసినవాళ్ళు ఉలిక్కిపడ్డారు. ఏడుపు కాదు, పునరుత్థానం మీద నమ్మకం అని ఆవిడ ఉద్దేశం. అంటే మనకి తెలుపు ఏ అర్థమో ఆవిడకి సరిగ్గా దానికి ఎదురు. మన అమ్మమ్మలు చూసి ఉంటే 'అయ్యో పాపం' అని ఉండేవాళ్ళు, ఆవిడేమో పెళ్ళికి వచ్చినట్టు నిటారుగా నడిచింది.

లూవెన్_పిల్లగాడు
మా ఓనరమ్మ ఆ టైంల ప్యాలెస్ ముంగట లైన్ల నిలబడ్డదట. రాత్రి, ఎండ, వాన ఏదీ చూడలే. లక్షల మంది వచ్చిన్రని చెప్తది. ఇంగ్లండు రాణి, జపాన్ చక్రవర్తి కూడ వచ్చిన్రు. అందరికంటె ఎక్కువ గుర్తున్నది ఒక ఫిలిప్పీన్స్ పిల్ల అట. ఆడపిల్లలను కొనుక్కొచ్చి అమ్మే ముఠాల చేతిల పడి బయటవడ్డది. రాజు చనిపోయే ముందటి ఏడాది ఆంట్వెర్ప్‌ల గసుంటి అమ్మాయిలను కలిసి, కూసోని, వాళ్ళ మాటలు విన్నడు. గా పిల్ల కథెడ్రల్‌ల రాజులు రాణుల ముంగట నిలబడి మాట్లాడింది.

చేదునిజం
ఇది మాత్రం గొప్ప సంగతి. ఇంకే రాజు చావుకీ ఇలా జరిగినట్టు నేను వినలేదు.

కానీ మరి లుముంబా? దాని గురించి ఇక్కడ ఎవరూ నోరెత్తరేం? 1960 జూన్ 30న బెల్జియం ఏలిన కాంగో స్వాతంత్ర్యం రోజున కిన్షాసాలో, అప్పటి లియోపోల్డ్‌విల్‌లో, ఈ మంచి రాజే నిలబడి ఒకప్పటి రాజు రెండో లియోపోల్డ్‌ని మేధావి అని పొగిడాడు. రబ్బరు కోసం చేతులు నరికించిన పాలన అది, తెలుసా? వెంటనే ప్రధాని లుముంబా లేచి ఎనభై ఏళ్ళ బానిసత్వం లెక్క చెప్పాడు. రాజు ముఖం మాడిపోయింది. 1961 జనవరి 17న లుముంబాని కటాంగాలో చంపారు. బెల్జియం పార్లమెంటే వేసిన కమిషన్ 2001లో తేల్చింది: లుముంబా ప్రాణాలకు ముప్పుందని రాజభవనానికి ముందే తెలుసు, రాజు ఆపడానికి ఏమీ చెయ్యలేదు.

తాతలు తండ్రులు అంటే అంత గౌరవం కదా, అదీ కుటుంబ బంధమే. ముత్తాత అన్నను తిట్టలేకపోయాడు.

పాతపేపర్
బంధుత్వం సరిగ్గా చెప్పాలంటే రెండో లియోపోల్డ్ ఈయన ముత్తాతకి అన్నే, అవును. కాంగోని ఆయన సొంత ఆస్తిగా పెట్టుకున్నాడు, 1908లో గానీ దేశానికి ఇవ్వలేదు. బోద్వాన్ 1955లో మొదటిసారి వెళ్ళినప్పుడు జనం 'బ్వానా కిటోకో', అందగాడైన దొర, అని పిలిచారు. ఆ ప్రయాణం ఫోటోల్లో మాత్రం నవ్వుతూ కనిపిస్తాడు. ఇల్లు దూరమైతే నవ్వొచ్చిందేమో. ఆ పిలుపు తలకెక్కిందని, అందుకే అయిదేళ్ళ తర్వాత ఆ ప్రసంగం అంత గుడ్డిగా చేశాడని నా అభిప్రాయం. అదే పర్యటనలో, స్వాతంత్ర్యానికి ముందురోజు, ఓపెన్ కారులో వెళ్తుంటే ఒక కాంగో యువకుడు ఆయన ఒరలోంచి కత్తి లాక్కుని పరిగెత్తాడు. ఆ ఫోటో చూడండి.

చేదునిజం గారి మాటకి నేను అడ్డు చెప్పను. 2022లో ఫిలిప్ రాజు కిన్షాసా వెళ్ళి వలస పాలన గాయాలకు తీవ్ర విచారం తెలిపాడు. లుముంబా శరీరంలో మిగిలింది ఒక పన్ను, దాన్ని అదే ఏడాది కుటుంబానికి అప్పగించారు. పెదనాన్న పొగిడిన చోట ఆయన పెంచిన కొడుకు విచారం చెప్పాడు.

బిళ్ళలబాబు
ఒక మంచి సంగతి కూడా చెప్పనివ్వండి. మన పటాన్‌చెరు ఇక్రిశాట్‌కి వ్యవసాయ పరిశోధనలో ఈయన పేరు మీదున్న అవార్డు వచ్చింది. శనగ పంట మీద చేసిన పనికి కూడా. బోద్వాన్ పేరు మన రైతుల దాకా వచ్చిన దారి అదొక్కటే అనుకుంటా.

ప్రశ్నలపుట్ట
ఫిలిప్ రాజు అన్నారు. అంటే పెదనాన్న తర్వాత ఆయనే రాజయ్యాడా?

పాతపేపర్
అందరూ అలాగే అనుకున్నారు. 1993లో ఫిలిప్‌కి ముప్పై మూడు, బోద్వాన్ తయారు చేసింది ఆయన్నే. తీరా చూస్తే తమ్ముడు ఆల్బర్ట్ ఆగస్టు 9న ప్రమాణం చేశాడు. చట్టం ప్రకారం వారసుడు ఆల్బర్టే, ఆయన వద్దనలేదు, అంతే. కుర్రాడు ఇంకా సిద్ధం కాలేదన్న మాట రాజకీయుల్లో నడిచింది. ఫిలిప్ ఇంకో ఇరవై ఏళ్ళు ఆగి 2013 జూలై 21న రాజయ్యాడు.

లూవెన్_పిల్లగాడు
ఇక్కడి వాళ్ళకు ఫిలిప్‌ల పెదనాన్న పోలికే కనవడ్తది. ఆల్బర్ట్‌కు బైకులు, నవ్వులు, జోకులు. ఫిలిప్ బిగుసుకొని నిలబడ్తడు, అచ్చం బోద్వాన్ లెక్క. నాన్న పోలిక కాదు, పెదనాన్న పోలిక.

పాతపేపర్
ఇక ఇందాక ఆపిన సంగతి. 1968లో ఆల్బర్ట్‌కి పెళ్ళి బయట ఒక కూతురు పుట్టింది, డెల్ఫీన్. 1999లో పావోలా రాణి మీద వచ్చిన పుస్తకంలో ఆ సంగతి బయటపడింది, క్రిస్మస్ ప్రసంగం అందుకే. ఏళ్ళ తరబడి కోర్టు. 2020 జనవరిలో డీఎన్ఏ పరీక్ష తర్వాత ఆల్బర్ట్ ఒప్పుకున్నాడు, అక్టోబరులో కోర్టు ఆమెకు రాకుమారి బిరుదు ఇచ్చింది.

సుభద్రక్కయ్య
ఆ అక్టోబరులోనే ఆల్బర్ట్, పావోలా, డెల్ఫీన్ ముగ్గురూ ఒకే గదిలో కూర్చున్న ఫోటో వచ్చింది. కరోనా రోజులు, కుర్చీలు దూరదూరంగా. పావోలా కూడా కూర్చుంది చూడండి, అది నాకు నచ్చింది. పిల్లలు పుట్టక అన్నగారు కుమిలిపోతుంటే, పుట్టిన బిడ్డను కాదని తమ్ముడు యాభై ఏళ్ళు దాచాడు. ఒకే కడుపున పుట్టిన ఇద్దరు!

లూవెన్_పిల్లగాడు
ఫిలిప్ ఆమెను ముందుగాల పిలిచి మాట్లాడిండు, అది మర్చిపోవద్దు అక్కా. 2021 జాతీయ దినం నాడు ఆమె రాజకుటుంబంతోని కూసుంది.

ఇంగొకటి. 2024 సెప్టెంబర్ల పోప్ ఫ్రాన్సిస్ ఇక్కడికి వచ్చిండు. లాకెన్ చర్చి కింద రాజుల సమాధులు ఉంటయి, అక్కడ బోద్వాన్ సమాధి దగ్గర ప్రార్థన చేసిండు. తెల్లారి స్టేడియంల మాస్ (చర్చి పూజ) అయినంక, ఈయనను పుణ్యపురుషునిగ ప్రకటించే పని మొదలు పెడ్తమని చెప్పిండు. స్టేడియం పేరు కూడ బోద్వాన్ స్టేడియమే, పాత హెయ్సెల్. నా ఆఫీసుల సగం మంది మండిపడ్డరు, 1990 చట్టం గురించి పోప్ అన్న మాటలకు.

చేదునిజం
లుముంబా ఫైలు కూడా రోమ్‌కి పంపితే బాగుంటుంది.

సుభద్రక్కయ్య
పంపనీ. పునీతుడు అవునో కాదో వాళ్ళు చూసుకుంటారు. నాకు మాత్రం ఆయన ఒక కొడుకు, ఒక పెదనాన్న. రాజుగా మార్కులు వెయ్యడం మీ పని.

ప్రశ్నలపుట్ట
ఆఖరి ప్రశ్న. ఫిలిప్ తర్వాత ఎవరు?

పాతపేపర్
పెద్దకూతురు ఎలిజబెత్, 2001లో పుట్టింది. తమ్ముళ్ళు ఇద్దరున్నా కిరీటం ఆమెకే. బెల్జియానికి సొంత హక్కుతో మొదటి రాణి అవుతుంది. 1991 దాకా ఆడపిల్లలకి సింహాసనం లేదు. ఆ నియమం మార్చింది బోద్వాన్ కాలంలోనే, ఆయన సంతకంతోనే.

చేదునిజం
ఓహో. దాని మీద మాత్రం పెన్ను ఆడిందన్నమాట.